ఆఫీసు పని మీద కౌలాలంపూర్ వెళ్తున్నవాళ్ళకి: ఖాళీ దొరికిన గంటల్లో ఏం చూడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కంపెనీ పని మీద కౌలాలంపూర్ వెళ్ళొచ్చినప్పటి నుంచి ఆఫీసులో ఎవరికి మలేషియా టికెట్ పడ్డా నా దగ్గరకే వస్తున్నారు, అవే ప్రశ్నలు. ఇంటిల్లిపాదీ వారం రోజులు తిరగడానికి వెళ్ళే ట్రిప్ వేరు, ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని మీటింగుకీ మీటింగుకీ మధ్య చూసే ఊరు వేరు. ఇది రెండోరకం వాళ్ళ కోసం.

నాలుగు రోజుల ట్రిప్, రోజూ ఆరు దాకా మీటింగులే. అసలు చూడ్డానికి టైం ఉంటుందా?

ఉంటుంది, అందుకు ఆ ఊరి గడియారానికి థాంక్స్ చెప్పుకోవాలి. 1982 జనవరి 1న మలేషియా పశ్చిమ భాగం తన గడియారాన్ని అరగంట ముందుకు జరిపి దేశమంతా ఒకే టైం చేసుకుంది. దాంతో ఇప్పుడు కౌలాలంపూర్‌లో పొద్దు గూకేది సుమారు ఏడుంబావుకి. భూమధ్యరేఖకి కేవలం 3 డిగ్రీల ఎత్తులో ఉన్న ఊరు కాబట్టి ఏడాది పొడుగునా దాదాపు అంతే. డిసెంబరులో మన హైదరాబాదులో ఆరింటికే చీకటి, అక్కడ మాత్రం ఆరింటికి ఆఫీసు నుంచి బయటపడితే ఇంకా గంటకు పైగా వెలుగుంటుంది.

దీనికి రెండో పక్క కూడా ఉంది. పొద్దున ఏడింటి దాకా తెల్లారదు. తెల్లవారుజామునే లేచి అయిదున్నరకి వాకింగ్‌కి వెళ్ళి ఫొటోలు తీద్దామనుకుంటే వీధి దీపాలే వస్తాయి. పైగా మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి వాళ్ళ ఏడు మన ఒంటికి నాలుగున్నర. మొదటి రెండు రోజులు పొద్దున లేవడం నరకం, రాత్రి పదకొండయినా నిద్ర రాదు, ఎందుకంటే మన లెక్కలో అది ఇంకా ఎనిమిదిన్నరే. అందుకే ఒంటితో పోట్లాడకుండా చూసేవన్నీ సాయంత్రాలకి పెట్టుకోండి.

అసలు శత్రువు మీటింగులు కాదు, ఇండియా టీమ్ కాల్స్. ఇక్కడ ఆరింటికి పెట్టే కాల్ అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకి పడుతుంది, సరిగ్గా మీరు పెట్రోనాస్ టవర్స్ వెనక ఫౌంటెన్ షో ముందు నిలబడ్డ టైంకి. వెళ్ళేముందే టీమ్‌కి చెప్పి ఆ వారం కాల్స్ అన్నీ మధ్యాహ్నం లోపు వేయించుకోండి. ఈ ఒక్క పని చేస్తే సగం సైట్‌సీయింగ్ అయిపోయినట్టే.

వీసా సంగతేంటి?

భారతీయులకి 30 రోజుల దాకా వీసా లేకుండా ప్రవేశం 2023 డిసెంబరు 1 నుంచి ఉంది, దాన్ని 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఉచితం, డబ్బులడిగే సైట్ కనబడితే తప్పు సైట్‌లో ఉన్నట్టు. మీటింగులకి వెళ్ళడం వేరు, అక్కడ కూర్చుని క్లయింటు పని చేసిపెట్టడం వేరు. రెండోదైతే పని చేసే అనుమతి పాస్ గురించి మీ హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి, నోటిమాట మీద వెళ్ళకండి.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి ఎలా?

ఎయిర్‌పోర్టు ఊరికి 50 కిలోమీటర్ల పైనే దూరం. కేఎల్ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలు 28 నిమిషాల్లో ఊళ్ళోని పెద్ద రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్‌లో దింపుతుంది, టికెట్ 55 రింగిట్లు. రింగిట్ అంటే మన 20 రూపాయల పైనే, లెక్క వేసుకోండి. ఒక్కరే అయితే రైలు, ఇద్దరు ముగ్గురైతే గ్రాబ్ (మన ఓలా, ఊబర్ లాంటిది) కారు మేలు. గ్రాబ్ యాప్ ఇక్కడే దించుకుని కార్డు జోడించుకుని వెళ్ళండి, అక్కడ దిగాక ఓటీపీ రాక తంటాలు పడేవాళ్ళు ప్రతి ట్రిప్‌లోనూ ఒకరుంటారు. ఒకసారి అది నేనే.

హోటల్ ఎక్కడ తీసుకోమంటారు?

మీ చేతుల్లో ఉంటే, మన మెట్రో లాంటి రైలు నడిచే కెలానా జయ ఎల్‌ఆర్‌టీ లైన్ మీద ఏ స్టేషన్‌కైనా దగ్గర్లో. ఒకే లైన్ మీద కేఎల్‌సీసీ, కాంపుంగ్ బారు, మస్జిద్ జమేక్, పసార్ సెని, కేఎల్ సెంట్రల్ వరుసగా వస్తాయి, అంటే మీరు చూడబోయే వాటిలో ముప్పాతిక వంతు. టచ్ ఎన్ గో అనే కార్డు ఒకటి కొనుక్కుంటే రైళ్ళన్నిటికీ అదే చాలు. సాయంత్రం వాన మొదలైందంటే రోడ్లన్నీ ఇరుక్కుపోతాయి, గ్రాబ్ రేటు కొండెక్కుతుంది, రైలు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఒక్క సాయంత్రమే దొరికింది. పెట్రోనాస్ టవర్సేనా?

నన్నడిగితే కాదు, ముందు పాత ఊరు. కానీ ఆ మాట ఎవరూ వినరు, టవర్స్ ఫొటో లేకుండా తిరిగొస్తే ఇంట్లో ఊరుకోరు కదా. అందుకే రెండూ కలిసే దారి చెబుతాను.

ఆరింటికి ఆఫీసు నుంచి సరాసరి మస్జిద్ జమేక్ స్టేషన్‌లో దిగండి. క్లాంగ్, గొంబాక్ అనే రెండు నదులు కలిసేచోట, సరిగ్గా ఆ మూల మీద, 1909లో కట్టిన మసీదు ఉంది. ఊరు పుట్టింది ఇక్కడే. మలయ్‌లో కువాలా అంటే నదుల కూడలి, లుంపూర్ అంటే బురద, తగరం తవ్వుకోవడానికి పడవల మీద వచ్చినవాళ్ళు దిగిన బురద రేవే ఈ మహానగరం. చీకటి పడ్డాక నది అంచున నీలి లైట్లు, నీటి తుంపర వదులుతారు, కొంచెం పెళ్ళి స్టేజీలా ఉంటుంది గానీ బాగుంటుంది.

అక్కడి నుంచి అయిదు నిమిషాల నడకలో మెర్దెకా మైదానం. 1957 ఆగస్టు 30 అర్ధరాత్రి బ్రిటిష్ జెండా దించింది ఇక్కడే. ఎదురుగా 1897 నాటి సుల్తాన్ అబ్దుల్ సమద్ భవనం, రాగి గుమ్మటాలు, గడియార స్తంభం. చూడగానే మన హైకోర్టు, చార్మినార్ వైపు కట్టడాలు గుర్తొస్తాయి, అదేం యాదృచ్ఛికం కాదు, ఇండియాలో కట్టిన ఇండో సారసెనిక్ పద్ధతినే ఇంగ్లీషువాళ్ళు అక్కడికీ మోసుకెళ్ళారు.

తర్వాత సెంట్రల్ మార్కెట్ మీదుగా పెటాలింగ్ స్ట్రీట్. చైనాటౌన్ నడుమ జలాన్ తున్ హెచ్ ఎస్ లీ వీధిలో 1873లో స్థాపించిన శ్రీ మహామారియమ్మన్ గుడి, ఐదంతస్తుల గోపురం. తైపూసం అనే సుబ్రహ్మణ్యస్వామి పండక్కి, ఊరి బయట ఆయన గుడి ఉన్న బాతు గుహలకి (ఇంగ్లీషులో Batu Caves, మన బాతు కాదు) వెండి రథం బయల్దేరేది ఈ గుడి నుంచే. దాదాపు ఎదురుగానే చైనా వాళ్ళ గువాన్ డీ గుడి. అగరొత్తుల వాసన రెండిట్లోనూ ఒకేలా ఉండదు, గమనించండి. తలెత్తితే మెర్దెకా 118 టవర్ కనిపిస్తుంది, 678.9 మీటర్లు, ప్రపంచంలో బుర్జ్ ఖలీఫా తర్వాత అదే. పక్కనే ఉన్న పాత స్టేడియంలో 1957లో దేశపు మొదటి ప్రధాని తుంకు అబ్దుల్ రహమాన్ చెయ్యెత్తి ఏడుసార్లు మెర్దెకా అని అరిచాడు, మెర్దెకా అంటే స్వాతంత్ర్యం. ఆ ఎత్తిన చెయ్యి భంగిమే ఆ టవర్ కొసకి స్ఫూర్తి అంటారు కట్టినవాళ్ళు.

ఇప్పుడు ఎనిమిది దాటి ఉంటుంది. పసార్ సెని స్టేషన్‌లో రైలెక్కి కేఎల్‌సీసీలో దిగితే టవర్స్ కిందకే వస్తారు. రాత్రిపూటే వాటి అందం. వెనక పార్కులో ఫౌంటెన్ షో ఉంటుంది, ఉచితం.

ఓపికుంటే ఒక స్టేషన్ ముందే, కాంపుంగ్ బారులో దిగండి. ఊరి నడిబొడ్డున చెక్క ఇళ్ళతో మిగిలిపోయిన మలయ్ పల్లె అది, అరటి చెట్టు వెనక జంట టవర్లు కనిపించే చోటు ఇంకెక్కడుంటుంది? అక్కడి నుంచి 2020లో తెరిచిన సలోమా వంతెన దాటి టవర్స్ దాకా నడవొచ్చు. మలయ్ పెళ్ళిళ్ళలో పెట్టే తమలపాకుల అలంకరణ రూపంలో కట్టారు దాన్ని, తాంబూలం మనదొక్కరిదే అనుకునేవాళ్ళు చూడాల్సిన వంతెన.

టవర్స్ పైకి ఎక్కాలా? డబ్బులు దండగా?

పెట్రోనాస్ పైకెక్కితే అన్నీ కనిపిస్తాయి, పెట్రోనాస్ తప్ప. వాటిని ఎత్తు మీంచి చూడాలంటే 421 మీటర్ల కేఎల్ టవర్ ఎక్కాలి, అది కొండ మీద ఉంది కాబట్టి ఇంకా ఎత్తుగా అనిపిస్తుంది.

కానీ ఇంజినీరింగ్ చదివినవాళ్ళయితే పెట్రోనాస్‌లోకి వెళ్ళండి. 452 మీటర్లు, 88 అంతస్తులు, 1998 నుంచి 2004లో తైపే 101 వచ్చేదాకా ప్రపంచంలో ఎత్తైన భవనాలు. ఒక టవర్ జపాన్ వాళ్ళు, ఇంకోటి కొరియా వాళ్ళు కట్టారు, పోటాపోటీగా. 41, 42 అంతస్తుల మధ్య ఉన్న వంతెనని టవర్లకి బిగించెయ్యలేదు, గాలికి టవర్లు ఊగినప్పుడు అది లోపలికీ బయటికీ జారేలా వదిలారు. బిగించి ఉంటే చీలిపోయేది. ఆ వంతెన మీద నిలబడి ఈ సంగతి పక్కనున్న మేనేజరుకి చెప్పాను, ఆయన మొహం చూడాల్సింది.

టికెట్లకి టైం స్లాట్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో ముందే కొనాలి, సోమవారం సెలవు.

బాతు గుహలు ఆఫీసుకి ముందు చూసి రావచ్చా?

మీటింగ్ పదిన్నరకి ఉంటే రావచ్చు, తొమ్మిదికి ఉంటే వద్దు. ఊరి నుంచి 13 కిలోమీటర్లే. ఆరూముప్పావుకి గ్రాబ్ ఎక్కితే తెల్లారే సరికి సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం ముందుంటారు. 42.7 మీటర్ల బంగారు రంగు విగ్రహం, 2006లో ప్రతిష్ఠించారు. 272 మెట్లు, 2018లో రంగులు వేశాక ఫొటోల పిచ్చి బాగా పెరిగింది. ఏడుంబావుకి జనం ఉండరు, ఎండ ఉండదు, కోతులు మాత్రం డ్యూటీలో ఉంటాయి. చేతిలో పూలు, కొబ్బరికాయ, ప్లాస్టిక్ కవరు ఏది కనబడినా లాక్కుంటాయి. ఆడవాళ్ళు మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి, లేకపోతే కింద అద్దెకి గుడ్డ తీసుకోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఊళ్ళోకి వచ్చే ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా అక్కడి కేటీఎం స్టేషన్‌లో రైలెక్కి కేఎల్ సెంట్రల్‌కి వచ్చెయ్యండి. రైళ్ళు మాటిమాటికీ ఉండవు, దిగగానే టైములు ఫొటో తీసి పెట్టుకోండి. ఇంకోటి, ఆఫీసు షర్టు బ్యాగులో పెట్టుకెళ్ళండి. ఆ మెట్లెక్కి దిగిన షర్టుతో క్లయింటు ముందు కూర్చోలేరు, నేను కూర్చున్నాను, మళ్ళీ కూర్చోను.

వెజిటేరియన్‌ని. తిండికి కష్టమా?

కష్టం కాదు, కానీ కంటికి కనబడని చేపలుంటాయి. నాసి లెమాక్ అని కొబ్బరిపాలతో వండిన అన్నం వాళ్ళ జాతీయ వంటకం లాంటిది, చూడ్డానికి అన్నం, వేరుశెనగలు, దోసకాయ ముక్కలు, ఎర్ర పచ్చడి. ఆ ఎర్ర పచ్చడిలో, పక్కన కరకరలాడే వాటిలో ఉండేవి ఎండు నెత్తళ్ళ లాంటి చిన్న చేపలు, ఇకాన్ బిలిస్ అంటారు. చాలా కూరల్లో బెలచాన్ అనే రొయ్యల ముద్ద వేస్తారు, ఆకుకూరలో కూడా. మాంసం లేదంటే సరిపోదు, ఇకాన్ (చేప) లేదు కదా, ఉడాంగ్ (రొయ్య) లేదు కదా, బెలచాన్ లేదు కదా అని విడివిడిగా అడగాలి.

ధీమాగా తినాలంటే కేఎల్ సెంట్రల్ పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్, అక్కడి లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం, ఇడ్లీ, దోసె. దోసెని అక్కడ తోసై అంటారు, రుచి తమిళ పద్ధతి, గోంగూర ఆశించకండి. ఇక రాత్రి ఎన్నింటికైనా తెరిచి ఉండేవి మామక్ కొట్లు, తమిళ ముస్లింలు నడిపేవి. రోటీ చానాయ్, అంటే మన పరోటాకి దగ్గర చుట్టం, పప్పు పులుసుతో ఇస్తారు. ఆ పులుసులోనూ మాంసం కూర కలిపి పోస్తారు ఒక్కోసారి, పప్పు ఒక్కటే అని చెప్పండి. తాగడానికి తే తారిక్, ఎత్తు నుంచి పోసి నురగ తెప్పించే టీ. ఘోరమైన తీపి. కురాంగ్ మానిస్ అంటే తీపి తక్కువ.

మాంసాహారులకి నేను చెప్పాల్సిందేం లేదు, బుకిత్ బింతాంగ్ దగ్గర జలాన్ అలోర్ వీధికి రాత్రి తొమ్మిదికి వెళ్ళండి, ముక్కే దారి చూపిస్తుంది.

భాష రాదు, ఇబ్బందా?

ఇంగ్లీషు చాలు. కానీ బోర్డులు చదువుతుంటే భలే సరదాగా ఉంటుంది, ఎందుకంటే సగం మాటలు మన చుట్టాలే. బహాసా అంటే భాష. మెంతెరి మంత్రి, పెర్దానా మెంతెరి ప్రధానమంత్రి. ముకా అంటే మొహం, కెపాలా అంటే తల, మన కపాలమే. పువాసా ఉపవాసం. నెగారా మాత్రం నగరం కాదు, దేశం. సువామి అంటే మొగుడు, ఇస్తెరి అంటే పెళ్ళాం. ఒక లోకల్ కొలీగ్‌కి స్వామి అంటే మాకు దేవుడని చెబితే చాలాసేపు నవ్వింది.

అక్కడ తెలుగువాళ్ళు కనిపిస్తారా?

కనిపిస్తారు, కాకపోతే మీరు పోల్చుకోలేరు. బ్రిటిష్ కాలంలో రబ్బరు తోటల్లో, ఆయిల్ పామ్, కొబ్బరి తోటల్లో పనికి ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళ మనవలు, మునిమనవలు వాళ్ళు. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతో వైపు ఎక్కువ. 1955లో పెట్టుకున్న సంఘమే ఇవాళ్టి మలేషియా తెలుగు సంఘం. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో జరిగింది కౌలాలంపూర్‌లోనే. బయట అందరూ వాళ్ళని తమిళులనుకుంటారు, మనమూ అలాగే అనుకుని ఇంగ్లీషులో మొదలుపెడతాం. ఒకసారి గ్రాబ్ డ్రైవరు నా ఫోన్ మాటలన్నీ విని, దిగేటప్పుడు "ఏ ఊరండీ మీది?" అన్నాడు. నేను ఫోన్‌లో ఆఫీసుని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి చెమట పట్టింది.

క్లయింటు డిన్నర్‌కి పిలిచారు. జాగ్రత్తలేమైనా?

మలయ్ ఆడవాళ్ళు చెయ్యి చాపితేనే షేక్‌హ్యాండ్ ఇవ్వండి, లేకపోతే గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచితే చాలు. ఏదైనా చూపించాలంటే చూపుడువేలు కాదు, బొటనవేలు. ఎడమచేత్తో ఇవ్వకూడదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు కోసం లంచ్ పొడుగ్గా ఉంటుంది, ఆ టైంలో మసీదుల్లోకి సందర్శకులని రానివ్వరు, మీరు మాత్రం ఆ రెండు గంటలు బయట ఎక్కడైనా తిరిగి రావచ్చు.

డిన్నర్ తర్వాత ఊరు చూపిస్తామంటే మొహమాటపడకండి. నాకు నచ్చిన చోట్లన్నీ అలా చూసినవే. డ్యూరియన్ పండు తినిపించే తీరుతారు, వాసనకి సిద్ధపడండి, కానీ ముక్క కూడా హోటల్‌కి తేకండి, రానివ్వరు.

శనివారం ఒకరోజు ఆగితే ఎక్కడికెళ్ళాలి? మలక్కానా, గెంటింగా?

మలక్కా. 145 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటల పైచిలుకు, 2008 నుంచి యునెస్కో వారసత్వ పట్టణం. పోర్చుగీసు, డచ్చి, ఇంగ్లీషు వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఏలిన రేవు. పొద్దున ఏడున్నర కల్లా బయల్దేరండి. గెంటింగ్ కొండ మీద కేసినో, మంచు, షాపింగ్. పిల్లలతో వెళ్ళినప్పుడు చూసుకోవచ్చు.

ఆగే ముందు రెండు విషయాలు. కంపెనీ తీసిన ప్రయాణ బీమా పని రోజులకేనా, వారాంతానికీనా అడగండి. హోటల్ బిల్లు శుక్రవారంతో ఒకటి, శనివారానికి మీ కార్డు మీద ఇంకోటి విడిగా చేయించుకోండి. ఒకే బిల్లుగా తెచ్చి తర్వాత అకౌంట్స్ వాళ్ళకి వివరించడం బాతు గుహల మెట్లకంటే కష్టం.

సేఫేనా? ఆడవాళ్ళు ఒంటరిగా తిరగొచ్చా?

రైళ్ళలో, మాల్స్‌లో, జనం ఉన్న వీధుల్లో పది దాకా ఫర్వాలేదు. భయపడాల్సింది బైక్ మీద వచ్చి లాక్కుపోయే దొంగలకి. బ్యాగు రోడ్డు వైపు భుజానికి కాకుండా గోడ వైపు భుజానికి వేసుకోండి, రోడ్డు అంచున నిలబడి ఫోన్ చూడకండి. ఆఫీసు ల్యాప్‌టాప్ హోటల్లో వదిలేశాకే తిరుగుళ్ళు.

ఏం కొనుక్కురావాలి?

కామెరాన్ హైలాండ్స్ టీ పొడి, ఇపో వైట్ కాఫీ ప్యాకెట్లు, బాతిక్ గుడ్డ. పెటాలింగ్ స్ట్రీట్‌లో బ్రాండు పేర్లతో అమ్మే బ్యాగులు, వాచీలు నకిలీవి, బేరం సగానికి తగ్గినా నకిలీవే. చిన్న కొట్లకి నగదు దగ్గరుంచుకోండి, మన ఫోన్ పే అలవాటు మీద నమ్మకం పెట్టుకుంటే టీ కొట్టు ముందు నిలబడిపోతారు. అన్నట్టు ప్లగ్గులు ఇంగ్లండువాళ్ళ మూడు చదరపు పిన్నులవి, అడాప్టర్ ఇక్కడే కొనండి.

చివరి రోజు మీటింగ్ రెండింటికి అయిపోయింది, ఫ్లైటు రాత్రికి. బయట వాన. ఏం చెయ్యాలి?

మధ్యాహ్నం వాన అక్కడ మామూలే, ఆ టైంకి పైకప్పు ఉన్నవి చూడాలి. సామాను కేఎల్ సెంట్రల్‌లో లాకర్లో పెట్టి, అక్కడికి నడిచి వెళ్ళగలిగే దూరంలోనే ఉన్న జాతీయ మ్యూజియంకి వెళ్ళొచ్చు. గంటన్నర చాలు దానికి. నా ఓటు మాత్రం ఇస్లామిక్ ఆర్ట్స్ మ్యూజియంకి, స్టేషన్ నుంచి గ్రాబ్‌లో పది నిమిషాలు. లోపల మొగలుల కాలపు నగలు, కత్తులు కూడా ఉన్నాయి, మన దేశం నుంచి వెళ్ళినవి అంత దూరంలో అద్దాల వెనక చూస్తుంటే అదోలా ఉంటుంది.

వాన తగ్గితే ఇంకో ఉపాయం. ఎయిర్‌పోర్టుకి ఎక్స్‌ప్రెస్ కాకుండా కేఎల్ఐఏ ట్రాన్సిట్ ఎక్కండి, అదే పట్టాల మీద మధ్యలో ఆగుతూ వెళ్తుంది. పుత్రజయలో దిగి, గ్రాబ్‌లో సరస్సు ఒడ్డున ఉన్న గులాబీ రంగు రాతి మసీదు దాకా వెళ్ళి, చూసి, మళ్ళీ రైలెక్కి ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోవచ్చు. చేతిలో క్యాబిన్ బ్యాగు ఒక్కటే ఉంటేనే సుమా, పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ వద్దు. ఫ్లైటు టైంకి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండేలా లెక్క వేసుకోండి, ఇమిగ్రేషన్ దాటాక టీ పొడి కొనడానికి కూడా కాస్త టైం మిగలాలి.